సముద్రం లేని కజకిస్తాన్‌కి సముద్రాల కష్టాలు ఎందుకు?

క్లుప్తంగా: ప్రపంచంలో సముద్రతీరం లేని దేశాల్లో అతి పెద్దది కజకిస్తాన్. అక్కడి నదుల్లో ఎక్కువ భాగం ఏ మహాసముద్రాన్నీ చేరవు, లోపలి సరస్సుల్లోనే ఆగి ఆవిరైపోతాయి. ఆ సరస్సుల్లో మట్టం ఎంతుండాలో తేల్చేవి ముఖ్యంగా రెండు: ఎగువన ఎవరు ఎంత వాడారు, ఎండ ఎంత కాసింది. ఆరల్ ఎండిపోవడానికీ, కాస్పియన్ వెనక్కి తగ్గడానికీ, బల్ఖాష్ మీద ఆందోళనకీ మూలం ఇదే.

కజకిస్తాన్ వార్తల్లోకి వచ్చినప్పుడల్లా పాఠకులకి తికమక తప్పడం లేదు. 2023 జూన్‌లో అక్తావ్ అనే రేవు పట్టణంలో సముద్రం వెనక్కి పోతోందని ఎమర్జెన్సీ ప్రకటించారు. ఏడాది తిరక్కుండానే, 2024 ఏప్రిల్‌లో, అదే దేశంలో లక్ష మందికి పైగా జనాన్ని వరదల నుంచి తరలించాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో బల్ఖాష్ సరస్సు ఒడ్డున అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన మీద రెఫరెండం పెడితే దాదాపు 71 శాతం మంది సరే అన్నారు, వద్దన్నవాళ్ళు చెప్పిన కారణాల్లో సరస్సు నీళ్ళు ఒకటి. సముద్రమే లేని దేశంలో రేవేమిటి? ఏడాదికి పట్టుమని 400 మి.మీ. వాన పడని చోట వరదేమిటి?

వీటిని విడివిడి వార్తలుగా చదివితే ఏదీ అర్థం కాదు. భూమి ఎలా ఉందో చూస్తే అన్నీ ఒకే చోటికి వస్తాయి.

ఎంత పెద్దది, సముద్రానికి ఎంత దూరం

విస్తీర్ణం సుమారు 27.25 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే దాదాపు 2.75 లక్షలు, అంటే రెండు తెలుగు రాష్ట్రాలకి పది రెట్లు. జనం మాత్రం 2 కోట్లే, తెలంగాణ కన్నా తక్కువ. రష్యాతోనే 7,600 కి.మీ.కి పైగా సరిహద్దు ఉంది, మధ్యలో తెగకుండా సాగే భూ సరిహద్దుల్లో ప్రపంచంలో ఇదే పొడవైనది.

పటం మీద చూస్తే పెద్ద మైదానంలా కనిపిస్తుంది కానీ ఎత్తుపల్లాల తేడా మామూలుగా లేదు. ఆగ్నేయ మూల తియాన్ షాన్ పర్వతాల్లో ఖాన్ తెంగ్రీ శిఖరం దాదాపు 7,000 మీటర్లు. పడమట కాస్పియన్ దగ్గర కరగియే పల్లం సముద్ర మట్టానికి 132 మీటర్లు దిగువన ఉంది. మధ్యలో సర్యార్కా అనే పాత, అరిగిపోయిన గుట్టల ప్రాంతం. ఉత్తరాన గడ్డి మైదానం, అంటే స్టెప్పీ. దక్షిణాన ఎడారులు. అడవి చాలా తక్కువ.

వాతావరణం ఇంత కఠినంగా ఉండటానికి కారణం గోడలు ఎక్కడున్నాయి, ఎక్కడ లేవు అన్నదే. దక్షిణాన, ఆగ్నేయాన హిమాలయాలు, పామీర్, తియాన్ షాన్ వరసలు అడ్డం, కాబట్టి హిందూ మహాసముద్రం తేమ ఇటు రాదు. అట్లాంటిక్ నుంచి పడమటి గాలులు తెచ్చే తేమ యూరప్ అంతా దాటి వచ్చేసరికి చాలావరకు ఖర్చైపోతుంది. ఉత్తరాన మాత్రం ఏ గోడా లేదు, సైబీరియా చలిగాలి నేరుగా వచ్చేస్తుంది. నీళ్ళు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారతాయి, నేల అలా కాదు. సముద్రం దగ్గర్లో లేని చోట చలికాలం, ఎండాకాలం రెండూ ముదిరిపోవడానికి కారణం అదే. రాజధాని అస్తానాలో చలికాలంలో మైనస్ 40 డిగ్రీల దాకా పడిపోతుంది, జూలైలో అదే ఊళ్ళో 35 డిగ్రీలు చూడొచ్చు.

వాన ఉత్తరాన 300–400 మి.మీ., ఎడారి ప్రాంతాల్లో 200 కన్నా తక్కువ. అనంతపురంలో దాదాపు 550 మి.మీ. పడుతుంది, అయినా అది కరవు జిల్లా. మరి అంతకన్నా తక్కువ వానతో ఉత్తర కజకిస్తాన్ గోధుమ పండించి ఎగుమతి ఎలా చేస్తోంది? అక్కడ చలి వల్ల ఆవిరయ్యేది తక్కువ, పైగా చలికాలమంతా పేరుకున్న మంచు వసంతంలో కరిగి సరిగ్గా విత్తే ముందు నేలని తడుపుతుంది. వాన లెక్క ఒక్కటే చూసి ఒక ప్రాంతాన్ని అంచనా వేస్తే పప్పులో కాలేసినట్టే.

బయటికి దారి లేని నీళ్ళు

ఇర్తిష్, ఇషిమ్, టొబోల్ నదులు మాత్రమే సైబీరియా మీదుగా ఆర్కిటిక్ మహాసముద్రానికి చేరతాయి. మిగతావన్నీ, సిర్ దర్యా, ఇలీ, ఉరల్, చూ లాంటివి, ఏదో ఒక సరస్సులోకో, ఇసుకలోకో వెళ్ళి ఆగిపోతాయి.

నౌపడలోనో ఇస్కపల్లిలోనో ఉప్పు మడులు చూసినవాళ్ళకి దీని ఫలితం చెప్పక్కర్లేదు: నీళ్ళు పైకి పోతాయి, ఉప్పు కింద మిగులుతుంది. మడిలో రైతు కావాలని చేసే పని ఇక్కడ దేశం మేరలో దానంతటదే జరుగుతోంది. బయటికి పోయే నది ఉన్న సరస్సులో ఉప్పు, పొలాల మందులు, ఫ్యాక్టరీల మురికి ఎంతోకొంత కొట్టుకుపోతాయి. ఇక్కడ పోవు.

రెండో ఫలితం మట్టానికి సంబంధించింది. ఇలాంటి సరస్సుకి "నిండటం" అనేది ఉండదు. వచ్చే నీరు, ఆవిరయ్యే నీరు సమానమైన చోట మట్టం నిలబడుతుంది. ఆరల్ మీద నుంచి ఏడాదికి సుమారు ఒక మీటరు మందం నీరు ఆవిరైపోయేది. నది నీళ్ళు తగ్గితే, ఆవిరయ్యేదీ అంతే తగ్గేదాకా, అంటే నీటి విస్తీర్ణం చిన్నదయ్యేదాకా, సరస్సు కుంచించుకుపోతూనే ఉంటుంది. ఎవరూ సరస్సులోంచి నీళ్ళు తోడక్కర్లేదు. పైన కాలువ తవ్వితే చాలు.

ఆరల్: "వృథాగా పోతున్న నీళ్ళు"

మన దగ్గర ప్రాజెక్టుల చర్చ ఎప్పుడొచ్చినా ఒక మాట వినిపిస్తుంది: ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలవుతున్నాయి. సోవియట్ ప్రణాళికలు వేసినవాళ్ళ ఆలోచన కూడా ఇంచుమించు ఇదే. ఎడారి మధ్యలో ఉన్న ఆరల్‌లోకి ఆము దర్యా, సిర్ దర్యా నీళ్ళు వెళ్ళి ఆవిరైపోవడం కన్నా వాటితో పత్తి పండిస్తే లాభం అనుకున్నారు. ఆరల్ తగ్గిపోతుందని వాళ్ళకి తెలియక కాదు, తెలిసే ఆ బేరం కుదుర్చుకున్నారు. లెక్కలోకి రానిది తర్వాత జరిగేది.

1960 నాటికి ఆరల్ విస్తీర్ణం దాదాపు 68,000 చదరపు కి.మీ., ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. నదులు తగ్గాక మట్టం పడిపోయింది, ఉప్పు పెరిగింది, 1980ల మొదట్లోనే చేపల వేట ఆగిపోయింది. 1987 ప్రాంతంలో సరస్సు రెండు ముక్కలైంది: కజకిస్తాన్‌లో చిన్న ఉత్తర భాగం, ఉజ్బెకిస్తాన్ వైపు విస్తరించిన పెద్ద దక్షిణ భాగం. దక్షిణ భాగపు తూర్పు వైపు 2014లో పూర్తిగా ఎండిపోయింది. అరల్స్క్ అనే రేవు పట్టణం నీళ్ళకి దూరంగా ఎడారిలో మిగిలిపోయింది.

బయటపడ్డ సరస్సు అడుగుకి ఇప్పుడు ఆరల్‌కుమ్ ఎడారి అని పేరు. మామూలు ఎడారి ఇసుక కాదిది. దశాబ్దాలపాటు పత్తి పొలాల నుంచి కొట్టుకొచ్చిన రసాయనాలు, ఉప్పు కలిసిన సన్నని పొడి. గాలి లేస్తే వందల కిలోమీటర్లు పోతుంది, పొలాల్లో పడితే నేల చౌడు బారుతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే జబ్బులు. ఇంకో నష్టం కూడా ఉంది: పెద్ద నీటి విస్తీర్ణం పోవడంతో చుట్టుపక్కల చలి ఇంకా చలిగా, ఎండ ఇంకా ఎండగా మారాయి. సముద్రానికి దూరంగా ఉన్న ప్రాంతం తనకున్న ఆ కొద్దిపాటి సముద్రాన్నీ పోగొట్టుకుంది.

అయితే ఆరల్ కథ ఇక్కడితో ముగిసిందని రాసేవాళ్ళు సగమే చెప్తున్నట్టు. 2005లో ప్రపంచ బ్యాంకు సాయంతో కజకిస్తాన్ రెండు భాగాల మధ్య సుమారు 13 కి.మీ. పొడవున కోక్ అరల్ ఆనకట్ట కట్టింది. సిర్ దర్యా నీరు దక్షిణానికి జారిపోకుండా ఉత్తర భాగంలోనే ఆగింది. మట్టం పెరగడానికి కొన్నేళ్ళు పడుతుందనుకుంటే ఏడాది తిరక్కుండానే అనుకున్న 42 మీటర్లకి చేరింది. ఉప్పు తగ్గింది, మంచినీటి చేపలు నది నుంచి తిరిగొచ్చాయి, వేట మళ్ళీ మొదలై ఏడాదికి వేల టన్నులకి చేరింది.

ఇది ఎందుకు పనిచేసింది అన్నది ముఖ్యం. సరస్సు చిన్నది, ఆవిరయ్యే విస్తీర్ణం తక్కువ, కాబట్టి సిర్ దర్యాలో మిగిలిన నీళ్ళతోనే లెక్క సరిపోయింది. అదే కారణంగా దక్షిణ ఆరల్‌కి ఈ మందు పనిచేయదు. మొత్తం ఆరల్‌ని పాత స్థితికి తేవాలంటే రెండు నదుల కింద లక్షల ఎకరాల సాగు ఆపాలి, అది ఏ ప్రభుత్వమూ చేసే పని కాదు. ఉన్నదానిలో కొంత దక్కించుకోవడం, మిగతాది వదిలేసుకోవడం, ఎండిన అడుగున సాక్సౌల్ అనే ఎడారి చెట్లు నాటి పొడిని పట్టి ఉంచడం, కజకిస్తాన్ చేస్తున్నది ఇదే. వినడానికి నిరాశగా ఉన్నా ఇంతవరకూ ఫలితం చూపించింది ఇదొక్కటే.

కాస్పియన్: తీరం ఉంది, దారి లేదు

అక్తావ్ రేవు ఉన్నది కాస్పియన్ మీద. పేరుకి సముద్రమే కానీ మహాసముద్రంతో సంబంధం లేదు, దీని మట్టమే సాధారణ సముద్ర మట్టానికి 29 మీటర్ల దిగువన ఉంది. ఓడ బయటికి పోవాలంటే రష్యా భూభాగంలోని వోల్గా నది, దానికి కలిపిన కాలువలే దారి. చమురుదీ అదే గతి, కజకిస్తాన్ ఎగుమతి చేసే చమురులో సుమారు 80 శాతం రష్యా మీదుగా వెళ్ళే ఒకే పైపులైన్‌లో నల్ల సముద్రం రేవుకి చేరుతుంది. అందుకే 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యాని తప్పించి కాస్పియన్ మీదుగా అజర్‌బైజాన్‌కి సరుకు పంపే దారికి గిరాకీ పెరిగింది. సరిగ్గా అప్పుడే నీళ్ళు తగ్గుతున్నాయి.

కాస్పియన్‌కి నదుల ద్వారా వచ్చే నీటిలో దాదాపు 80 శాతం వోల్గాదే, అంటే తాళం చెవి రష్యాలో ఉంది. అక్కడి జలాశయాలు, వాన తగ్గడం, సముద్రం మీద వేడి పెరిగి ఆవిరి ఎక్కువవడం, మూడూ కలిశాయి. మట్టం అంతటా ఒకేలా తగ్గినా దెబ్బ మాత్రం సమానంగా పడదు. దక్షిణ కాస్పియన్ కొన్ని చోట్ల వెయ్యి మీటర్ల లోతు. కజకిస్తాన్ ఉన్న ఉత్తర భాగం సగటు లోతు ఐదు మీటర్ల చుట్టుపక్కలే. ఇరాన్ ఒడ్డున మీటరు తగ్గితే కొన్ని చోట్ల మెట్టు దిగినట్టు ఉంటుంది, ఇక్కడ తీరం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతుంది. కషగాన్ చమురు క్షేత్రం దగ్గర ఓడలు తిరగడానికి అడుగు తవ్వాల్సి వచ్చింది, అక్తావ్‌లో ట్యాంకర్లు పూర్తి బరువు ఎక్కించుకోలేకపోతున్నాయి. ఇక అక్తావ్ పట్టణం తాగేదే శుద్ధి చేసిన సముద్రపు నీరు. ఒకప్పుడు ఆ పనికి ఒక అణు రియాక్టరే నడిపారు, అది 1999లో మూతపడింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కాస్పియన్ ఇంతకుముందూ తగ్గింది, 1977లో దాదాపు ఇదే స్థాయికి పడిపోయింది. ఇక తగ్గడమే అనుకుని సోవియట్ ప్రభుత్వం 1980లో నీళ్ళు ఆదా చేద్దామని తుర్క్‌మెనిస్తాన్‌లోని కరా బొగాజ్ గోల్ అఖాతంలోకి నీళ్ళు పోకుండా కట్ట వేసింది. సముద్రం అప్పటికే పెరగడం మొదలుపెట్టింది! 1990ల మధ్య దాకా రెండున్నర మీటర్లు పెరిగి తీరపు ఊళ్ళని ముంచింది, 1992లో ఆ కట్టని తీసేశారు. కాబట్టి ఇప్పటి తగ్గుదల పాత ఊగిసలాటలో ఒకటేనేమో అనే వాదన తీసిపారేయదగ్గది కాదు. తేడా ఏమిటంటే అప్పుడు ఉష్ణోగ్రత ఇంత లేదు. వేడి పెరిగితే ఆవిరి పెరుగుతుంది, ఆ భాగం వెనక్కి తిరగదు.

బల్ఖాష్‌కి తాళం ఎవరి దగ్గరుంది

బల్ఖాష్ ఒక వింత సరస్సు: పడమటి సగం మంచినీరు, తూర్పు సగం ఉప్పు, మధ్యలో సన్నని జలసంధి. ఇలీ నది పడమటి వైపు వచ్చి కలుస్తుంది, సరస్సుకొచ్చే నీటిలో ముప్పాతిక వంతు దానిదే. సగటు లోతు ఆరు మీటర్లే, కాబట్టి ఆరల్‌కి పట్టిన గతి దీనికీ పట్టొచ్చన్న భయం ఉత్తదేం కాదు. ఒకసారి రుచి చూశారు కూడా. 1970 నుంచి ఇలీ మీద కప్చగాయ్ జలాశయం నింపడం మొదలుపెడితే బల్ఖాష్ రెండు మీటర్లకి పైగా తగ్గింది, చివరికి జలాశయాన్ని మొదట అనుకున్నంత నింపకుండా ఆపేశారు.

అప్పుడు నిర్ణయం ఒకే దేశం చేతిలో ఉంది. కానీ ఇలీ ఎగువ భాగం చైనాలోని షింజియాంగ్‌లో ఉంది, అక్కడ ఇప్పుడు సాగు, పట్టణాలు పెరుగుతున్నాయి. ఇర్తిష్ పుట్టేదీ చైనాలోనే. నదుల వాడకం మీద 2001లో రెండు దేశాలకీ ఒక ఒప్పందం కుదిరింది కానీ ఎవరికెంత అన్న వాటాలు అందులో తేలలేదు. కజకిస్తాన్‌లోని ఉపరితల నీటిలో దాదాపు సగం బయటి దేశాల నుంచే వస్తుంది. కృష్ణా జలాల మీద ఎగువ రాష్ట్రాలతో ఎన్ని పేచీలున్నా వెళ్ళడానికి ఒక ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఉన్నాయి, ఇక్కడ అలాంటి గుమ్మమే లేదు.

సిర్ దర్యా సంగతి ఇంకోలా ఉంటుంది. ఎగువన కిర్గిజ్‌స్తాన్‌కి చమురు, గ్యాస్ పెద్దగా లేవు, చలికాలంలో కరెంటు కోసం తొక్తొగుల్ జలాశయం నీళ్ళు వదులుతుంది. దిగువ దేశాలకి నీళ్ళు కావాల్సింది ఎండాకాలంలో. సోవియట్ రోజుల్లో దిగువవాళ్ళు చలికాలంలో బొగ్గు, గ్యాస్ ఇచ్చేవారు, ఎగువవాళ్ళు నీళ్ళు దాచేవారు. 1991 తర్వాత ఆ ఇచ్చిపుచ్చుకోవడం చెడింది. ఫలితంగా గడ్డకట్టిన నదిలోకి చలికాలంలో నీళ్ళొచ్చి ఊళ్ళు మునిగేవి, ఆ నీళ్ళు పట్టుకోవడానికి కజకిస్తాన్ కొక్సరాయ్ జలాశయం కట్టుకుంది. తప్పంతా ఎగువవాళ్ళదే అనడానికి కూడా లేదు. ఇదే నది కింద కిజిలోర్దా ఎడారిలో కజకిస్తాన్ వరి పండిస్తోంది.

వానలేని చోట వరద

2024 వరదలకి వానకన్నా మంచు, నేల కారణం. అంతకుముందు శరదృతువులో నేల బాగా తడిసింది, ఆ తడితోనే గడ్డకట్టింది. పైన మంచు పేరుకుంది. వసంతంలో ఒక్కసారిగా వేడెక్కేసరికి మంచు కరిగింది గానీ కింద నేల ఇంకా రాయిలా ఉంది, చుక్క ఇంకలేదు. స్టెప్పీ బల్లపరుపు, నీళ్ళు ఒక లోయ పట్టుకుని పోకుండా పరుచుకున్నాయి. ఇషిమ్, టొబోల్ లాంటి నదులు ఉత్తరానికి పారతాయి కాబట్టి దక్షిణాన ముందు కరిగిన నీటికి ఇంకా గడ్డకట్టి ఉన్న దిగువ భాగం అడ్డం పడుతుంది. ఎనభై ఏళ్ళలో ఇంత పెద్ద ప్రకృతి విపత్తు రాలేదని దేశాధ్యక్షుడు తొకాయెవ్ అన్నారు. ఆ నీళ్ళు నిల్వ చేసే ఏర్పాటు చాలాచోట్ల లేదు. ఏప్రిల్‌లో ముంచిన ఊళ్ళ దగ్గరే ఆగస్టులో నీళ్ళకి కటకట రావడం అక్కడ వింతేమీ కాదు.

ఖాళీ అనుకున్న నేల

స్టెప్పీని చూసినవాళ్ళందరూ ఖాళీ జాగా అనుకున్నారు, పెద్ద తప్పులు రెండు అక్కడి నుంచే వచ్చాయి.

మొదటిది 1954లో సోవియట్ నాయకుడు కృశ్చేవ్ మొదలుపెట్టిన బీడు భూముల ఉద్యమం. ఉత్తర కజకిస్తాన్‌లో రెండున్నర కోట్ల హెక్టార్ల గడ్డి నేలని కొన్నేళ్ళలో దున్నేశారు. అక్కడి మట్టి నల్లగా ఉంటుంది, మన రేగడి లాంటిదే అనుకోకూడదు, ఇది వేల ఏళ్ళుగా గడ్డి వేళ్ళు కుళ్ళి పేరుకున్న సారం. ఆ వేళ్ళే మట్టిని పట్టి ఉంచేవి. తిరగదున్నాక 1960ల మొదట్లో గాలి దుమారాలకి పైమట్టి లేచిపోయింది. తర్వాత బరాయెవ్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త మట్టిని తిరగేయకుండా, కోత తర్వాత మిగిలిన మోళ్ళని పొలంలోనే ఉంచే సాగు పద్ధతిని నిలబెట్టాడు, ఇవాళ అక్కడ గోధుమ నిలదొక్కుకుందంటే అందులో ఆ పద్ధతి పాత్ర పెద్దది.

రెండోది సెమిపలతిన్స్క్ (ఆ ఊరి ఇప్పటి పేరు సెమెయ్) అణు పరీక్షా స్థలం. 1949 నుంచి 1989 దాకా 456 పరీక్షలు, 1991 ఆగస్టు 29న మూసేశారు. ఎంబీబీఎస్ కోసం పిల్లల్ని అల్మాటీకో, సెమెయ్‌కో పంపే తెలుగు తల్లిదండ్రులకి దీని మీద టెన్షన్ సహజం. సెమెయ్ నగరం పరీక్షా స్థలానికి వంద కిలోమీటర్లకి పైగా దూరంలో ఉంది, కాలుష్యం కూడా స్థలమంతా ఒకేలా పరుచుకుని లేదు, పరీక్షలు జరిగిన కొన్ని చోట్ల గట్టిగా, మిగతా చోట్ల పల్చగా ఉంది. అల్మాటీలో రోజువారీ ఇబ్బంది వేరే: కొండల కింద గిన్నెలాంటి పల్లంలో ఊరు, చలికాలంలో బరువైన చల్లగాలి కదలదు, బొగ్గు పొగ అక్కడే ఆగుతుంది.

జంతువుల విషయంలో మాత్రం స్టెప్పీ ఆశ్చర్యపరిచింది. 2015లో కొన్ని వారాల్లోనే 2 లక్షలకి పైగా సైగా జింకలు చచ్చిపోయాయి. వాటి శరీరంలో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియానే, అసాధారణమైన వేడికీ తేమకీ విజృంభించింది. ఆ తర్వాత వేట మీద గట్టి నిఘాతో మంద లక్షల్లోకి పెరిగింది, 2023లో అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితా నుంచి వాటిని తప్పించారు. ఇప్పుడు పంటలు తొక్కేస్తున్నాయని రైతుల ఫిర్యాదు.

ఇక ముందు

2023 సెప్టెంబర్‌లో కజకిస్తాన్ జలవనరులకి విడిగా ఒక మంత్రిత్వ శాఖ పెట్టుకుంది. పాత మట్టి కాలువల్లో ఇంకిపోయే నీళ్ళని ఆపడం, కోక్ అరల్ కట్టని ఎత్తు చేయాలా అన్నది తేల్చడం దాని చేతిలో ఉన్న పనులు. చేతిలో లేనివే ఎక్కువ. తియాన్ షాన్‌లో హిమానీనదాలు కరిగిపోతున్నాయి. కరుగుతున్నంతకాలం నదుల్లో నీరు బాగానే కనిపిస్తుంది, మంచు నిల్వ సన్నబడ్డాక ఎండాకాలపు నీరే ముందు తగ్గుతుంది.

దగ్గర్లో కనిపిస్తున్న ఒత్తిడి అఫ్గానిస్తాన్ నుంచి. 2022లో తాలిబాన్ ప్రభుత్వం ఆము దర్యా నుంచి 285 కి.మీ. పొడవున ఖోష్ తేపా కాలువ తవ్వడం మొదలుపెట్టింది. మధ్య ఆసియాలోని ఐదు దేశాలు 1992లో చేసుకున్న నీటి ఒప్పందంలో అఫ్గానిస్తాన్ లేదు. ఆము దర్యా కజకిస్తాన్‌లో పారదు కాబట్టి దీనితో తనకేం పని అనిపించొచ్చు. కానీ ఆము దర్యాలో నీరు తగ్గితే ముందుగా నష్టపోయేవాటిలో ఉజ్బెకిస్తాన్ ఒకటి, అది ఆ లోటుని తన గుండా పారే రెండో నది సిర్ దర్యా నుంచి పూడ్చుకోవాలని చూస్తుంది. సిర్ దర్యా చివర ఉన్నది ఉత్తర ఆరల్, 2005 ఆనకట్టతో సాధించిన ఆ 42 మీటర్ల మట్టం ఆధారపడ్డది ఆ ఒక్క నది మీదే.